మెట్టు మీద పసుపంత మనం: అవతలివాళ్లు ఎలా ఉండొచ్చు?

2025 కార్తీకంలో మా మేనల్లుడితో కలిసి అలిపిరి నుంచి కొండెక్కుతున్నాను. తొమ్మిదో తరగతి పిల్లాడు. గాలిగోపురం దగ్గర ఆయాసం తీర్చుకుంటూ కూర్చున్నప్పుడు ఫోన్‌లో ఓ వీడియో చూపించాడు. "అట్లాస్‌లో ఏలియన్స్ ఉండారంట గదా మామా, ఎట్లుంటారు వాళ్లు?" వీడియోలో ఉన్నవాళ్లకి పెద్ద తల, బాదంగింజ కళ్లు, పుల్లల్లాంటి చేతులు. గుండు కొట్టించుకుని నాలుగు రోజులు తిండి మానేసిన మనిషిలా ఉన్నారు.

మిగతా మెట్లన్నీ ఆ ప్రశ్నతోనే ఎక్కాం. దారిలో చెప్పిన సంగతులూ, ఇంటికొచ్చాక కాగితం మీద వేసిన లెక్కలూ కలిపితే ఈ వ్యాసం.

వార్తల్లో ఉన్నవి రెండు, పిల్లాడు అడిగింది మూడోది

మొదటి వార్త ఆ అట్లాస్. 2025 జులై 1న చిలీలోని అట్లాస్ టెలిస్కోప్ ఓ వస్తువును పట్టుకుంది. అది వేరే నక్షత్రాల మధ్య నుంచి మన సౌరకుటుంబంలోకి వచ్చి, మళ్లీ బయటికి పోయేది. ఇలాంటివి మనకి దొరికినవాటిలో ఇది మూడోది కాబట్టి 3ఐ/అట్లాస్ అన్నారు. అక్టోబర్ చివర్లో, తన దారిలో సూర్యుడికి అన్నిటికంటే దగ్గరి చోటుకి వచ్చింది. హార్వర్డ్ శాస్త్రవేత్త ఆవీ లోబ్ ఇది ఎవరో తయారుచేసిన వస్తువు అయ్యుండొచ్చని అనడంతో వీడియోలు మొదలయ్యాయి. దాని చుట్టూ కనిపించిన వాయువులూ ధూళీ తోకచుక్కకి ఉండాల్సినవే అని నాసాతో పాటు ఎక్కువమంది శాస్త్రవేత్తల మాట.

రెండోది కే2-18బి అనే గ్రహం, మనకి 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మన బెనారస్‌లో ఇంజినీరింగ్ చదివి, ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో ఉన్న నిక్కు మధుసూదన్ బృందం 2025 ఏప్రిల్‌లో ఆ గ్రహం వాతావరణంలో డైమిథైల్ సల్ఫైడ్ ఆనవాళ్లు ఉన్నట్టున్నాయని చెప్పింది. భూమ్మీద ఆ పదార్థాన్ని ఎక్కువగా విడిచేది సముద్రంలోని సూక్ష్మజీవులు. అదే డేటాను వేరేవాళ్లు మళ్లీ పరిశీలించి, ఆ సంకేతం నమ్మేంత గట్టిగా లేదన్నారు. వాదన ఇంకా తెగలేదు.

ఈ రెండూ వేర్వేరు విషయాలు. కే2-18బి మీద వెతుకుతున్నది జీవం. అంటే బ్యాక్టీరియా, నాచు దొరికినా చాలు. అట్లాస్ విషయంలో లోబ్ అంటున్నది సాంకేతికత, అంటే ఎవరో చేసిన వస్తువు. ఈ రెంటికీ మధ్యలో మేధ ఉంది. ఆలోచించే బుర్ర ఉన్నంత మాత్రాన రేడియో చేసుండాలని లేదు, డాల్ఫిన్లు చేయలేదు కదా. పిల్లాడు అడిగింది మూడూ దాటిన ప్రశ్న: బుర్ర ఉండి, యంత్రాలు చేసి, మనకంటే చాలా ముందుకు పోయినవాళ్లు చూడ్డానికి ఎలా ఉంటారు?

వాళ్లున్నట్టు ఇప్పటిదాకా ఒక్క ఆధారమూ లేదు. ఇకమీద రాసేదంతా "ఉంటే" అన్న మాట మీద ఆధారపడిందే. అయితే ఆ "ఉంటే"కి కూడా కొన్ని పగ్గాలున్నాయి.

ఒంటి సంగతి: బంగారు బల్లి ఒక వైపు, ఆక్టోపస్ ఒక వైపు

శేషాచలం బండల సందుల్లో బంగారు బల్లి ఉంటుంది. నిలువు రాతిని పట్టుకుని పాకే పాదాలు దానివి. బల్లుల్లో ఇలా అంటుకునే పాదాలు ఒక్క వంశంలో పుట్టి అందరికీ సంక్రమించినవి కావు. వేర్వేరు శాఖల్లో, విడివిడిగా, పలుమార్లు పుట్టాయి. సొరచేప చేప, డాల్ఫిన్ క్షీరదం. అయినా రెంటి ఒళ్లూ ఒకే మూసలో పోసినట్టుంటాయి. నీళ్లలో వేగంగా ఈదాలంటే ఆ ఆకారమే కలిసొస్తుంది. సైమన్ కాన్వే మారిస్ లాంటి జీవశాస్త్రవేత్తల వాదనకి ఇదే బలం. భౌతిక సూత్రాలు అన్నిచోట్లా ఒకటే కాబట్టి పరిణామం మళ్లీ మళ్లీ అవే పరిష్కారాల దగ్గరికి చేరుతుందని, వేరే గ్రహం మీద కూడా కళ్లు, కాళ్లు, తల లాంటివి చూసి మరీ ఆశ్చర్యపోనక్కర్లేదని వాళ్లంటారు.

శిలాజాల శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ దీనికి పూర్తిగా ఎదురు. జీవచరిత్ర టేపును వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి వేస్తే మనిషి రాడని ఆయన వాదన. ఆ ఉల్క 6.6 కోట్ల ఏళ్ల క్రితం పక్కనుంచి పోయుంటే రాక్షసబల్లులు ఇంకా ఉండేవేమో, మన పూర్వీకులు పొదల్లోనే దాక్కుని ఉండేవేమో.

ఇద్దరికీ పనికొచ్చే సాక్షి ఆక్టోపస్. దానికీ మనకీ ఉమ్మడి పూర్వీకుడు బతికింది 50 కోట్ల ఏళ్లకు ముందు. ఆ జీవికి చెప్పుకోదగ్గ బుర్రే లేదు. అయినా ఆక్టోపస్ కన్ను మన కన్నులాగే కటకం ఉన్న కన్ను. ఇక్కడిదాకా కాన్వే మారిస్ గెలిచాడు. మరి దాని నాడీకణాలు? సుమారు 50 కోట్లలో మూడింట రెండు వంతులు చేతుల్లో ఉంటాయి. చేయి తనంతట తానే వెతుకుతుంది, పట్టుకుంటుంది. ఇక్కడ గౌల్డ్ గెలిచాడు. పనిముట్టు ఒకేలా వచ్చింది, దాన్ని వాడే మనసు మాత్రం ఇంకోలా కుదిరింది. మేధ అంటే తలకాయలో కూర్చున్న ఒక్క "నేను" అని మనం అనుకునేది మన ఇంటి అలవాటు మాత్రమే కావచ్చు.

ఆక్టోపస్‌కి ఓ ఇబ్బంది ఉంది. నీళ్లలో నిప్పు వెలగదు. నిప్పు లేకపోతే లోహం కరగదు, లోహం లేకపోతే రేడియో లేదు. బృహస్పతి ఉపగ్రహం యూరోపాలో మంచు కింద సముద్రం ఉందని నమ్ముతున్నారు. అలాంటి చోట ఎంత తెలివైన జీవి పుట్టినా దాని పైకప్పు కిలోమీటర్ల మందాన మంచు. ఆకాశం అనేది ఒకటుందనే దానికి తెలియకపోవచ్చు. అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నా మన లెక్కలోకి రారు.

సిలికాన్ జీవుల గురించీ జనం అడుగుతుంటారు. కార్బన్‌లాగే సిలికాన్ కూడా నాలుగు పరమాణువులతో చేతులు కలపగల మూలకం కదా, దాంతో ఒళ్లు ఎందుకు కట్టకూడదు? మనం తిన్న తిండిలోని కార్బన్ ఆక్సిజన్‌తో కలిసి వాయువై ఊపిరితో బయటికి పోతుంది. సిలికాన్ ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చేది రాయి. తిరుమలలో శిలాతోరణం చాలామటుకు అదే, స్వర్ణముఖి ఇసుకలో ఎక్కువ భాగమూ అదే. ఆక్సిజన్ పీల్చే సిలికాన్ జీవి ఊపిరి వదిలినప్పుడల్లా ఇసుక కక్కుకోవాలి. భూమి పైపొరలో కార్బన్ కంటే సిలికాన్ ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా ఇక్కడి జీవం కార్బన్‌నే ఎంచుకుంది. అలాగని సిలికాన్ కథ ఇక్కడితో అయిపోలేదు. దాంతో పుట్టడం కష్టంగానీ, ఎవరైనా తయారుచేస్తే భేషుగ్గా పనిచేస్తుందని మీరు చేతిలో పట్టుకుని ఇది చదువుతున్న ఫోనే చెబుతోంది.

3550 మెట్ల లెక్క

ఆకారం కంటే నాకు ముఖ్యంగా తోచేది వయసు. దానికి మా దారే లెక్కపలక అయింది.

అలిపిరి దారిలో 3550 మెట్లంటారు. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. కింద మొదటి మెట్టు దగ్గర భూమి పుట్టిందనీ, పైన చివరి మెట్టు మీద ఈ రోజు ఉందనీ అనుకుని భాగిస్తే ఒక్కో మెట్టుకి సుమారు 12 లక్షల 80 వేల ఏళ్లు వస్తాయి. ఓ ఎనిమిది వందల మెట్లు ఎక్కాక గానీ జీవం జాడ గట్టిగా కనిపించదు. జంతువులు వచ్చేసరికి ఇంకో 450 మెట్లే మిగిలుంటాయి. రాక్షసబల్లులు అంతరించాక మిగిలినవి 52 మెట్లు. మన మనిషి జాతికి సుమారు మూడు లక్షల ఏళ్లు, అంటే చివరి మెట్టులో పావు వంతుకు కాస్త తక్కువ.

రేడియో తరంగాలు పంపడం నేర్చుకుని మనకి 130 ఏళ్లు. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లనుకుంటే అందులో మన వాటా ఒక మిల్లీమీటర్‌లో అరవయ్యో వంతు కూడా రాదు. తలవెంట్రుక మందంలో నాలుగో వంతో అయిదో వంతో. మొక్కుకున్న ఆడవాళ్లు ప్రతి మెట్టుకీ పసుపు పూసి కుంకుమ పెడుతూ ఎక్కుతుంటారు. ఆ పసుపు పూత మన రేడియో యుగం కంటే మందం.

ఇప్పుడు పక్కన ఇంకో కొండ ఉందనుకోండి. దాని మీదా ఎవరో ఎక్కుతున్నారు. వాళ్లు సరిగ్గా మన పసుపు పూత ఎత్తులోనే ఉండే అవకాశం ఎంత? ఒక్క మెట్టు కిందుంటే వాళ్లకి రేడియో లేదు, మనకి వినబడరు. ఒక్క మెట్టు పైనుంటే మనకంటే 12 లక్షల ఏళ్లు ముందున్నారు. కాబట్టి మనకి ఎవరైనా వినిపించారంటే, దాదాపు కచ్చితంగా వాళ్లు మనకంటే పెద్దవాళ్లే. ఎంత పెద్ద? 2001లో ఖగోళ శాస్త్రవేత్త చార్లీ లైన్‌వీవర్ వేసిన అంచనా ప్రకారం పాలపుంతలో భూమిలాంటి గ్రహాల సగటు వయసు భూమి కంటే 180 కోట్ల ఏళ్లు ఎక్కువ, ఓ 90 కోట్లు అటూఇటూగా. మెట్లలో చెప్పాలంటే 1400. గ్రహం పాతదైనంత మాత్రాన దాని మీద బుర్ర పుట్టాలని లేదు, అది గుర్తుపెట్టుకోవాలి.

దీనికి గట్టి అభ్యంతరం ఉంది. అంతకాలం బతికితే కదా? 1961లో ఫ్రాంక్ డ్రేక్ రాసిన ప్రసిద్ధ సమీకరణంలో చివరి అంశం అదే: ఒక నాగరికత ఎంతకాలం సంకేతాలు పంపుతూ ఉంటుంది. ఊరికే లెక్క కోసం, గత వెయ్యి కోట్ల ఏళ్లలో పాలపుంతలో పదివేల నాగరికతలు పుట్టాయనుకుందాం. ఒక్కోటి వెయ్యేళ్లు బతికితే, ఏదో ఒక క్షణంలో బతికున్నవాటి సగటు 0.001. అంటే ఎవరూ లేనట్టే. ఒక్కోటి కోటి ఏళ్లు బతికితే అదే సగటు 10. పుట్టిన సంఖ్య మారలేదు, ఆయుష్షు మారిందంతే. అందుకని ఆకాశంలో నిశ్శబ్దమైనా ఉండాలి, ముసలివాళ్లైనా ఉండాలి. మన ఈడువాళ్లు తారసపడతారన్నదే అన్నిటికంటే బలహీనమైన ఊహ. సినిమాల్లో మాత్రం ఎప్పుడూ వాళ్లే వస్తారు.

పుట్టినవాళ్లా, వాళ్లు చేసినవాళ్లా

లక్షల ఏళ్ల తర్వాత ఒక జాతి ఇంకా మాంసం ఒంటితోనే ఉంటుందా? నాసాకి చరిత్రకారుడిగా పనిచేసిన స్టీవెన్ డిక్ 2003లో ఉండకపోవచ్చని రాశారు. రేడియో కనిపెట్టిన కొద్ది కాలానికే కంప్యూటర్ వస్తుంది, ఆ తర్వాత కృత్రిమ మేధ వస్తుంది. జీవంతో ఉన్న మేధ ఓ చిన్న దశ, దాని వెనక యంత్ర మేధ చాలా పెద్ద దశ. బ్రిటన్ ఖగోళవేత్త మార్టిన్ రీస్ మాటా దాదాపు ఇదే.

మన ఇంటి నుంచే ఉదాహరణ ఉంది. నక్షత్రాల మధ్య చోటుకి మన తరఫున ఇప్పటిదాకా పోయింది మనుషులెవరూ కారు. 1977లో బయల్దేరిన వాయేజర్ 1 అనే యంత్రం 2012లో సూర్యుడి గాలి వీచే హద్దు దాటింది. దాని మీదున్న బంగారుపూత రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి, తెలుగు కూడా ఉంది. సెకనుకి 17 కిలోమీటర్ల చొప్పున పోతున్నా, మన దగ్గరి నక్షత్రమంత దూరం పోవడానికి దానికి డెబ్బై వేల ఏళ్లు దాటుతుంది. అంత ప్రయాణానికి అన్నం, నీళ్లు, గాలి మూటకట్టుకోవడం కంటే స్విచ్ ఆపుకుని పడుకోగలిగినవాళ్లే నయం. దారిలో దొరికిన రాళ్లతో తమలాంటి వాటిని తామే చేసుకునే యంత్రాలను పంపితే, కొన్ని పదుల కోట్ల ఏళ్లలోపే పాలపుంతంతా నిండిపోతాయని 1980లో ఫ్రాంక్ టిప్లర్ లెక్కేశారు. నిండలేదు కాబట్టి ఎవరూ లేరని తేల్చేశారు. అలాంటి యంత్రాలు అదుపు తప్పుతాయని తెలిసిన తెలివైనవాళ్లు వాటిని అసలు చేయరని కార్ల్ సేగన్, విలియం న్యూమన్ తిప్పికొట్టారు.

యంత్రాల వాదన వినడానికి బాగుంటుందిగానీ అందులో ఓ తొందరపాటు ఉంది. చరిత్ర అందరికీ ఒకే నిచ్చెన అని అనుకోవడం అది. సొరచేపల వంశం 40 కోట్ల ఏళ్లుగా సాగుతోంది, మూస పెద్దగా మారలేదు. ఒక జాతి హాయిగా బతికే చోట ఆగిపోవచ్చు. ఒళ్లు వదలడం ఇష్టం లేక, యంత్రాలను ఒంట్లోకే తెచ్చుకోవచ్చు. మా అవ్వ మోకాలి మార్పిడి చేయించుకుని పదేళ్లయింది. ఆమెని సగం యంత్రం అని మేమెవరం అనుకోం. ఇంకో ప్రశ్న సూసన్ ష్నైడర్ అనే తత్వవేత్త అడుగుతుంది: మనకంటే వెయ్యి రెట్లు తెలివైన యంత్రానికి లోపల ఏమైనా అనిపిస్తుందా, లేక దీపం లేని ఇల్లేనా? అక్కడి యంత్రాలు అటుంచి, ఇక్కడి యంత్రాల విషయంలోనే దానికి జవాబు తేలలేదు.

ఎంత తెలివైనా వేడి వదలాల్సిందే

మే నెల మధ్యాహ్నం తిరుపతిలో ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకున్నవాళ్లకి ఈ సూత్రం వేరే చెప్పనక్కర్లేదు. ఆలోచన అంటే పని, పని అంటే వేడి. 1961లో భౌతిక శాస్త్రవేత్త రాల్ఫ్ లాండౌర్ దీనికి అంకె కట్టారు: ఒక్క బిట్ సమాచారాన్ని చెరిపినా కనీసం ఇంత వేడి బయటపడాల్సిందే, చుట్టూ ఎంత చల్లగా ఉంటే అంత తక్కువ. అందులోంచి ఓ వింత ఊహ పుట్టింది. విశ్వం రోజురోజుకీ చల్లబడుతోంది కాబట్టి, పెద్ద మేధలు ఇప్పుడు పడుకుని, బాగా చల్లబడ్డాక లేచి ఆలోచించుకుంటాయేమో అని 2017లో ఆండర్స్ శాండ్‌బర్గ్, మరో ఇద్దరు రాశారు. అంత నిద్ర వల్ల పెద్దగా కలిసొచ్చేదేమీ లేదని 2019లో చార్లెస్ బెన్నెట్, మరో ఇద్దరు లెక్కలతో సహా ఖండించారు.

శక్తి ఎక్కువ కావాలంటే నక్షత్రం దగ్గరికి పోవాలి. మన సూర్యుడు ఒక్క సెకనులో వదిలే శక్తితో, ఇప్పటి వాడకం చొప్పున మనుషులంతా సుమారు ఆరు లక్షల ఏళ్లు గడిపేయొచ్చు. దాన్ని వృథా పోనీకుండా నక్షత్రం చుట్టూ సేకరించే పలకలను గుంపులుగా తిప్పుకుంటారేమోనని 1960లో భౌతిక శాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ సూచించారు. వీడియోల్లో చూపించే గట్టి గోళం ఆయన చెప్పింది కాదు, ఈగల గుంపులాంటిది. దాన్నే మొత్తంగా ఓ కంప్యూటర్ చేస్తే? అక్కడ కాంతి వేగం అడ్డొస్తుంది. ఆ గుంపు భూకక్ష్యంత వెడల్పుంటే, ఈ చివర పుట్టిన కబురు ఆ చివరకి చేరడానికి 16 నిమిషాల 38 సెకన్లు. ఇటునుంచి "ఏమంటావ్?" అంటే అటునుంచి "ఊ" రావడానికి అరగంట దాటుతుంది. అంత పెద్ద బుర్ర ఒక్క మనసుగా ఉండటం కష్టం. చీమల పుట్టలాగో, ఊరిలాగో పోగుపడి ఉంటుంది. చేతుల్లో నాడీకణాలు పంచుకున్న ఆక్టోపస్ ఇక్కడ మళ్లీ గుర్తొస్తుంది.

డైసన్ ఆలోచనలో నాకు నచ్చింది వేరే. వాళ్లు మాంసమా, లోహమా, ఒక్కరా, కోట్లమందా అని ఊహించే పనే లేదు. ఎవరైనా సరే, వాడిన శక్తిని చివరికి వేడిగా బయటికి వదలాలి. ఆ వేడి, మన కంటికి అందకపోయినా పరికరాలకి అందే పరారుణ కాంతిలో కనబడాలి. 2015లో ఒక బృందం వైజ్ ఉపగ్రహం కొలతలతో సుమారు లక్ష గెలాక్సీలను వడపోసింది. తన నక్షత్రాల వెలుగునంతా ఎవరో మింగేసుకున్నట్టున్న గెలాక్సీ ఒక్కటీ స్పష్టంగా తేలలేదు. 2024లో ఇంకో బృందం మన పాలపుంతలోనే 50 లక్షల నక్షత్రాలను చూసి ఏడింటిని అనుమానితులుగా పక్కన పెట్టింది. వాటిలో కొన్నింటి వెనకాల దూరపు గెలాక్సీలు నక్కి ఉన్నాయనీ, ఆ వేడి వాటిదేననీ రేడియో పరిశీలనలు చూపించాయి. వల వేశారు, చేప పడలేదు. అయినా ఈ వల ఎటువంటి చేపకైనా సరిపోతుంది.

అటునుంచి చూస్తే గాదంకి

తిరుపతి నుంచి చిత్తూరు వైపు పోతుంటే గాదంకి వస్తుంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాలలో 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న మైదానంలో 32 వరసలుగా 1024 యాగీ యాంటెన్నాల రాడార్ ఉంది. ఒకప్పుడు దూరదర్శన్ కోసం మిద్దెల మీద పెట్టుకున్నవాటికి చుట్టాలే ఇవి. 1990ల తొలినాళ్ల నుంచీ అది 53 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో తరంగాల దెబ్బలను నెత్తిమీది ఆకాశంలోకి కొడుతోంది. గాలి ఏ ఎత్తులో ఎటు వీస్తోందో వెనక్కి వచ్చిన పిసరంత ప్రతిధ్వనితో కొలుస్తుంది. వెనక్కి రానిది పైకి పోతూనే ఉంటుంది.

మఖ నక్షత్రం గాదంకికి దాదాపు నడినెత్తి మీదుగా పోతుంది. దూరం 79 కాంతి సంవత్సరాలు. ఆ వైపుగా ఎగబాకిన తొలి తరంగాలు, బాగా పలచబడి, 2070ల్లో అక్కడికి చేరతాయి. అక్కడెవరైనా ఉండి, పట్టుకోగలిగే చెవి ఉంటే వాళ్లకి వినబడేది టిక్ టిక్ మని ఒకే తీరున పడే దెబ్బలు. మాట లేదు, బొమ్మ లేదు, నమస్తే కూడా లేదు. ఇది పంపినవాళ్లు ఎలా ఉంటారని వాళ్ల పిల్లాడెవడో అడిగితే, గాలి గురించి కనుక్కుంటున్న జాతి అని వాళ్లకి తట్టాలి. ఆ తర్వాత ఆ జాతికి రెండు కాళ్లనీ, మోకాళ్లు అరుగుతాయనీ, కొండెక్కేటప్పుడు మెట్టుమెట్టుకీ పసుపు పూస్తుందనీ కూడా తట్టాలి.

మావాడికి ఇదంతా చెప్పేసరికి మోకాళ్ల పర్వతం వచ్చింది. "అంటే బాదంగింజ కళ్లు లేనట్టేనా?" అన్నాడు. ఉండొచ్చురా, కానీ పందెం కట్టమంటే నేను కట్టను అన్నాను. వాడు ఆ వీడియోని మాత్రం తీసెయ్యలేదు.